కింద మొదలయ్యే లెక్క

ఎప్పుడూ కిటికీ సీటు కోసం కొట్లాడే ఉడత, ఆరోజు బస్సెక్కగానే పక్కకు జరిగి, "నువ్వు కూర్చో వదినా," అంది. ఏదో జరిగిందని వదినకు అప్పుడే తెలిసిపోయింది.

పెళ్ళై ఈ ఇంటికి రాగానే, అందరూ ఉడత అని పిలిచే ఆడపడుచును స్కూలు నుంచి తీసుకొచ్చే పని తనకే కావాలని వదిన అడిగి మరీ తీసుకుంది. ఎండ తగ్గాక బస్సెక్కడం, ఒకే పొట్లంలోంచి ఇద్దరూ వేయించిన గింజలు తినడం, ఎదురుగా కూర్చున్నవాళ్ళ చెప్పులు చూసి వాళ్ళేం పని చేస్తారో పందెం కాయడం... ఇవన్నీ ఎవరో తన కోసం దాచిపెట్టి ఒక్కొక్కటే ఇస్తున్న పెళ్ళి కానుకల్లా ఉండేవి ఆమెకు. ఇవాళ పొట్లం విప్పినా ఉడత చెయ్యి పెట్టలేదు.

"పోటీ ఫలితాలు వచ్చాయా?"

"వచ్చాయి."

"మరి?"

ఉడత సంచీలోంచి కాగితం తీసి, దాని వైపు చూడకుండానే వదిన ఒళ్ళో పడేసింది.

ఊళ్ళో ఉన్న స్కూళ్ళన్నీ కలిసి పెట్టుకునే లెక్కల పోటీ అది. మొదటి రౌండు దాటినవాళ్ళకు ఆదివారం ఫైనల్. కొన్నాళ్ళుగా ఉడతకు లెక్కలే తిండి, లెక్కలే నిద్ర. ఒకసారి నిద్రలో "శేషం లేదు, శేషం లేదు" అని అరిచి ఇల్లంతా లేపింది కూడా.

వదిన కాగితం మడత విప్పింది. ప్రతి జవాబు పక్కనా టిక్కు. ఒక్కటీ తప్పు లేదు. మార్కుల చోట మాత్రం సున్నా. ఆ పైన ఎర్ర సిరాతో, కాగితం చిరిగేంత నొక్కి రాసిన అక్షరాలు: "జవాబులు ముందే తెలుసు. ఫైనల్‌కు అనర్హురాలు."

వదిన లెక్కల్లోకి చూసింది. నిజమే, ప్రతి లెక్కకూ జవాబు పైన ఉంది. చేసిన పద్ధతి దాని కింద ఉంది. ఎక్కడినుంచో తెచ్చిన జవాబు ముందు పెట్టేసి, తర్వాత తీరిగ్గా కింద లెక్క అతికించినట్టే ఉంది.

ఆ క్షణాన ఆమెకూ అనుమానం వచ్చింది. వచ్చినదాన్ని నోట్లో దాచుకోలేకపోయింది.

"ఉడతా, నిజం చెప్పు. ఎవరైనా ముందే చెప్పారా?"

ఉడత లేచి వెళ్ళి, బస్సు మధ్యలో ఇనప కడ్డీ పట్టుకుని నిలబడింది. "ఇన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి కదమ్మా!" అని కండక్టర్ అన్నా వినలేదు. దిగాల్సిన స్టాపు దాకా అలాగే, వీపు వదిన వైపు పెట్టి, ప్రతి మలుపులోనూ ఊగుతూ నిలబడింది.

*

పటాలు కట్టే షాపంటే ఇంటి ముందు గదే. గది పొడవునా ఒక బల్ల. బల్లకు అవతల, గోడకు ఆనించి నిలువుగా పేర్చిన గాజు పలకలు, వాటి ముందు ఆయన. ఇవతల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక ఎత్తు స్టూలు. "గాజు ఉన్నవైపు నువ్వే కాదు, మహారాణి వచ్చినా అడుగు పెట్టకూడదు," అని పెళ్ళైన మర్నాడే ఆయన చెప్పాడు. తనను మహారాణి పక్కన నిలబెట్టినందుకు ఆమె రోజంతా మురిసిపోయింది.

ఆ సాయంత్రం ఆమె టీ తెచ్చేసరికి ఆయన గాజు కోస్తున్నాడు. కోసే చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు వెంట ఒకే ఒక్క గీత గీశాడు. ఒక్కసారే గీయాలి, రెండోసారి గీస్తే గాజు మాట వినదు. తర్వాత పలకను బల్ల అంచుకు జరిపి, కింది నుంచి చిన్నగా తట్టాడు. టిక్. గాజు గీత వెంబడే విడిపోయింది. ఈ చప్పుడు వినడానికే ఆమె ఎప్పుడూ టీ కాస్త ముందే తెచ్చేది.

కాగితం సంగతి అంతా విని ఆయన నిట్టూర్చాడు. "పోనీలే. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. పెద్దవాళ్ళతో మనకెందుకు?"

"మీ చెల్లెల్ని దొంగ అన్నారండీ."

"అనలేదుగా. రాశారు."

"రాస్తే ఇంకా నయమా?"

ఆయన టీ తాగే పనిలో పడ్డాడు. జవాబు లేనప్పుడు ఆయనకు టీ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

ఆమె స్టూలెక్కి కూర్చుంది. ఉడత ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని, స్టూలు చెక్క మధ్యలో నున్నగా గుంట పడింది. ఇక్కడి నుంచి మొగుణ్ణి ఎదురుగా చూడటం బాగుంది. వంచిన తల, పెదవుల మధ్య పెన్సిలు, కనుబొమ్మ మీద చెక్కపొట్టు.

"కనుబొమ్మ మీద పొట్టుంది," అంది.

"తియ్యి మరి."

"గాజు వైపు రాకూడదుగా."

ఆయన తలెత్తకుండానే నవ్వి, పక్కనున్న గోధుమరంగు అట్టకాగితం ముందుకు లాక్కుని, తర్వాతి పటానికి చెక్క ఎంత కావాలో లెక్క వేయడం మొదలుపెట్టాడు. పొడవు, వెడల్పు, రెండూ కలిపి రెట్టింపు, నాలుగు మూలలూ ఏటవాలుగా కోసినప్పుడు పోయే తరుగు. ఆమె అంకెలు చూడటం లేదు, ఆ చేతినే చూస్తోంది. మొదటి వరుస రాశాక చెయ్యి కాస్త వెనక్కి జరిగింది. రెండో వరుస రాశాక ఇంకాస్త. చెయ్యి ఆయన వైపు వెళ్ళిపోతోంది, తనకు దూరమైపోతోంది, అని ఒక పిచ్చి దిగులు కూడా కలిగింది.

అప్పుడు చూసింది అంకెల్ని.

మొదటి వరుస తన దగ్గరే ఉంది. రెండోది దాని అవతల. మూడోది ఇంకా అవతల. జవాబు అన్నిటికంటే దూరంగా, ఆయన పొట్ట దగ్గర. ఈ స్టూలు మీద కూర్చున్నవాళ్ళకు లెక్క కాగితం కింది అంచులో పుట్టి పైకి పాకుతుంది.

"ఏవండీ, ఉడతకు లెక్కలెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పాలి? బడిలో వెయ్యకముందు నుంచీ దాని కాపురం ఆ స్టూలు మీదే. నేను వేసేవి తలకిందులుగా చూస్తూ నా తప్పులు పట్టేది. ఎంతమంది ముందు నా పరువు తీసిందో!"

ఆమె దిగిన ఊపుకు స్టూలు పడిపోబోయింది. బల్ల మీదినుంచి ఒక అట్టకాగితం, ఆయన నోట్లోంచి పెన్సిలు లాక్కుని లోపలికి పరుగెత్తింది.

ఉడత గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "నీతో మాట్లాడను."

"మాట్లాడొద్దు. ఇదొక్క గుణకారం చేసి పెట్టు. తొందరగా! మీ అన్నయ్యకి కావాలి."

లెక్క అంటే ఉడత ఒళ్ళు దాని మాట వినదు. లేచి కూర్చుని పెన్సిలు తీసుకుంది. పెన్సిలు తిన్నగా కాగితం కింది అంచుకు వెళ్ళింది. అక్కడ మొదటి వరుస. దాని పైన రెండోది. అన్నిటికీ పైన జవాబు.

"కింద ఎందుకు మొదలెట్టావు?"

ఉడత ఆమెను వింతగా చూసింది. "ఎవరైనా దగ్గర మొదలెట్టి దూరం పోతారు కదా!"

"మరి క్లాసులో?"

"క్లాసులో సార్ తిడతారని పైనుంచి రాస్తా. గబగబా చెయ్యాలంటే ఇంతే."

వదిన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మంచం మీద కూలబడింది. "తప్పైపోయింది ఉడతా. బస్సులో అలా అడక్కూడదు నిన్ను."

ఉడత పెన్సిలు పక్కన పెట్టింది. "కిటికీ సీటు ఇంకెప్పుడూ అడక్కూడదు," అంది.

"అడగను."

"గింజల పొట్లమేదీ?"

*

మర్నాడు పోటీలు జరిపే స్కూలుకు ముగ్గురూ వెళ్ళారు. ఆఫీసు గదిలో పోటీల బాధ్యత చూసే పెద్ద మేడం, ఆమె పక్కన ఉడత స్కూలు లెక్కల సార్ ఉన్నారు. సార్ అప్పటికే ఒక క్షమాపణ పత్రం రాసి తెచ్చాడు.

"దీని మీద సంతకం పెట్టండి, గొడవ వదిలిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ రానిస్తారు," అన్నాడు ఆయనతో, మెల్లగా. "మన స్కూలు పేరు కూడా చూసుకోవాలి కదా."

ఆయన పెన్ను తీశాడు. మూత తీసేలోగా వదిన చెయ్యి వచ్చి కాగితం మీద పడింది. పరాయివాళ్ళ ముందు మొగుడికి అడ్డం వెళ్ళడం ఆమెకు అదే మొదటిసారి. అయినా చెయ్యి మాత్రం తీయలేదు.

స్టూలు, బల్ల, గాజు, అన్నీ చెప్పింది. చెబుతుంటే తనకే అది కథలా వినిపించింది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇలాంటివి చాలా విన్నానమ్మా. పోయినేడు ఒకడు జవాబులు కల్లో కనిపించాయన్నాడు. అదే కల వాడి పక్క బెంచీవాడికీ వచ్చింది."

"మా పిల్లకి కల్లో శేషాలే కనిపిస్తాయండి. కావాలంటే మళ్ళీ పరీక్ష పెట్టండి, మీ ముందే, మీరిచ్చిన లెక్కే."

మేడం ఉడత వైపు చూసింది. ఉడత కూడా రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది.

"సరే. రేపు ఫైనల్ మొదలయ్యే ముందు, అందరి ముందూ, బోర్డు మీద చెయ్యాలి. చేస్తే కూర్చోనిస్తాను. కానీ పద్ధతిగా, పైనుంచి కిందికి రాయాలి. అదేదో గారడీలా ఉంటే ఒప్పుకోను."

"అలాగే మేడం! అలాగే!" వదిన, ఆయన ఒకే గొంతుతో అన్నారు. అలా ఇద్దరి మాటా ఒకేసారి వచ్చినందుకు వదినకు మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. ఉడత మాత్రం నవ్వలేదు.

*

ఇంటికి రాగానే వదిన గది తలుపునే బోర్డు చేసింది. సుద్దముక్కతో ఉడత లెక్క మీద లెక్క చేసింది, పైనుంచి కిందికి, ముత్యాల్లాంటి అంకెలతో. ఎక్కడా తడబడలేదు. గడప దగ్గర చొక్కాకు గుండీలు కుడుతున్న అత్తయ్య సూది ఆపి మరీ చూసింది.

"ఇంకేం! రేపు ఇలాగే," అంది వదిన.

"రేపు ఇలా రాయను," అంది ఉడత.

"అదేంటి?"

"కింది నుంచే రాస్తా."

"చక్కగా వస్తోంది కదే, రాస్తే నీ సొమ్మేం పోయింది?" అంది అత్తయ్య.

"రావడం మొన్న కూడా వచ్చమ్మా." ఉడత సుద్దముక్కను రెండు చేతుల మధ్యా నలుపుతోంది. "పైనుంచి రాస్తేనే నేను చేసినట్టు అంటే, మొన్న రాసింది నేను చెయ్యనట్టే కదా? రేపు ఫైనల్లో కూర్చోబెట్టినా, మొన్నటిది దొంగదే అవుతుంది కదా?"

షాపులోంచి ఆయన తొంగి చూశాడు. "మేడంకి మాటిచ్చాం కదే."

"నువ్విచ్చావు. వదిన ఇచ్చింది. నన్నెవరూ అడగలేదు."

వదిన ఆఫీసు గదిలో అంత ధైర్యం చేశానని దారంతా తనను తానే మెచ్చుకుంటూ వచ్చింది. తీరా చూస్తే, ఉడత దగ్గర మిగిలిన ఒక్క నిజాన్నీ తనే చేతులారా ఇచ్చేసి వచ్చింది.

"కూర్చోనివ్వకపోతే?" అని అడిగింది.

"వచ్చేస్తాం. కిటికీ సీటు నాదేగా."

అత్తయ్య దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికింది. "రేపు దీనికి ఈ చొక్కా వెయ్యి అమ్మాయ్," అంది. "గుండీలు గట్టిగా కుట్టాను."

*

ఆదివారం ఆయనకు ఒక పెద్ద పటం అప్పజెప్పే పని ఉంది, వెనక వస్తానన్నాడు. వదిన, ఉడత ముందు వెళ్ళారు.

హాలు నిండా పిల్లలు. పెన్సిళ్ళు చెక్కుకుంటున్నవాళ్ళు, చేతులు తుడుచుకుంటున్నవాళ్ళు, తల్లిదండ్రుల వైపు తిరిగి తిరిగి చూస్తున్నవాళ్ళు. పెద్దవాళ్ళందరినీ వెనక గోడ దగ్గర నిలబెట్టి, కదలొద్దని, మాట్లాడొద్దని చెప్పారు. వేదిక మీద గోడకు పెద్ద బోర్డు.

మేడం ఉడతను పిలిచి, లెక్క చదివింది. "ఒకటి నుంచి వంద దాకా, మూడుతో గానీ ఐదుతో గానీ భాగించబడే సంఖ్యలన్నిటినీ కూడితే ఎంత?"

ఉడత సుద్దముక్క తీసుకుని బోర్డు ముందుకు వెళ్ళింది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గొంతుక్కూర్చుంది.

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది బెంచీ నుంచి బెంచీకి పాకింది.

"పైనుంచి అన్నాను," అంది మేడం.

ఉడత కూర్చునే తలెత్తి చూసింది. "నాకు లెక్క కింద మొదలవుతుంది మేడం. తప్పైతే పంపించెయ్యండి."

లెక్కల సార్ తల పట్టుకున్నాడు. మేడం గోడ గడియారం వైపు చూసి, కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుంది. "కానియ్."

బోర్డు అడుగు అంచున మొదటి వరుస పుట్టింది. మూడూ తొంభైతొమ్మిదీ కలిపితే నూటరెండు. ముప్పైమూడు సంఖ్యలు, అందులో సగం. దాని పైన జవాబు, పదహారువందల ఎనభైమూడు. ఉడత మోకాళ్ళ మీద లేచింది. ఐదూ వందా కలిపితే నూటఐదు, ఇరవై సంఖ్యలు, అందులో సగం. వెయ్యిన్నీ యాభై. నిలబడింది. మునివేళ్ళ మీద నిలబడింది. రెండూ కలిపి, చెయ్యి అందినంత పైన రాసింది: 2733.

సుద్దముక్క ఆగింది. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి.

"అయిపోయిందా?" అంది మేడం. ఆమె గొంతులో కాస్త జాలి వినిపించింది. ఆ జాలి వినగానే వదినకు అర్థమైంది, జవాబు అది కాదన్నమాట.

"అవలేదు మేడం," అంది ఉడత. "అందట్లేదు."

"పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ రాయి."

"పక్కన కాదు. పైనే."

కదలొద్దన్న మాట వదినకు గుర్తుంది. అయినా కాళ్ళు కదిలాయి. పిల్లల బెంచీల మధ్య నుంచి నడిచి, వేదిక ఎక్కి, మేడం లేచి ఖాళీ చేసిన కుర్చీని రెండు చేతులా పట్టుకుని లాగింది. మెత్తటి దిండున్న బరువైన కుర్చీ, హాలంతా వినపడేలా కీచుమంది.

"ఏమ్మా, అది..."

"ఒక్క నిమిషం మేడం," అంటూనే దాన్ని బోర్డు కిందికి చేర్చి, వెనక నుంచి గట్టిగా పట్టుకుంది.

ఉడత చెప్పులు విప్పి, దిండు పక్కకు పెట్టి, కుర్చీ ఎక్కింది. పదిహేనూ తొంభై కలిపితే నూటఐదు. ఆరు సంఖ్యలు, అందులో సగం. మూడువందల పదిహేను. దాన్ని మొత్తంలోంచి తీసేసింది. బోర్డు పై అంచుకు ఆనించి, సుద్దముక్క అరిగిపోయేలా నొక్కి జవాబు రాసింది: 2418.

మేడం అలవాటు కొద్దీ పైనుంచి చదవబోయింది. జవాబు దగ్గర ఆగి, దాని కింది వరుస చూసి, మళ్ళీ పైకి చూసింది. పొసగలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. అడుగు వరుస అప్పటికీ సరిగ్గా కనిపించలేదు. చివరికి, బోర్డు ముందు, ఉడత కూర్చున్న చోటే గొంతుక్కూర్చుని, మొదటి వరుస మీద వేలు పెట్టింది. వేలు వరుస వరుసకూ పైకి పాకింది. దానితో పాటు మేడం కూడా మెల్లగా లేచింది.

హాల్లో ఎవరూ నవ్వలేదు.

"పదిహేనుతో పోయేవి రెండుసార్లు పడ్డాయని, ఆఖర్న గుర్తొచ్చిందా?"

"ముందే తెలుసు మేడం," అంది ఉడత కుర్చీ మీంచి. "చోటే చాల్లేదు."

తన ఎర్ర సిరా మాట తనకే తిరిగి వినిపించేసరికి మేడం పెదవి కొరుక్కుంది. "సరే. వెళ్ళి కూర్చో."

ఉడత దిగి, చెప్పులు తొడుక్కుని, దిండు తిరిగి కుర్చీలో సర్ది, అక్కడే నిలబడింది.

"ఇంకేంటి?"

"మొన్నటి కాగితం మేడం."

వదిన సంచీలోంచి తీసి చాచింది. మేడం చుట్టూ చూసింది. అన్ని బెంచీల నుంచీ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఎర్ర పెన్ను తీసి, తను రాసిన మాటల మీద అడ్డంగా ఒకే ఒక్క గీత గీసింది. సున్నాను కొట్టేసి, పక్కన రావాల్సిన మార్కులు వేసి, కింద సంతకం పెట్టింది. కాగితం వదినకు ఇస్తూ, "ఆ స్టూలు ఒకసారి చూడాలమ్మా," అంది, గొంతు తగ్గించి.

"రండి మేడం. గాజు వైపు మాత్రం రానివ్వరు."

*

ఆయన వచ్చేసరికి హాలు తలుపులు మూసేశారు. వదిన వరండాలో కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడి ఉంది. ఆయన కనుబొమ్మ మీద పొట్టు ఇవాళ కూడా ఉంది. ఇక్కడ గాజు అడ్డం లేదు కాబట్టి ఆమె తీసేసింది.

"గెలిచిందా?"

"ఇంకా మొదలే కాలేదు."

"మరి ఆ నవ్వేంటి?"

ఆమె కాగితం చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. ఎర్ర గీత మీద బొటనవేలు పెట్టి, తడి ఆరిందో లేదో చూశాడు. పెన్ను మూత తీయబోయిన నిన్నటి వేళ్ళు అవే. తర్వాత జేబులోంచి కొలత టేపు తీసి, కాగితాన్ని కిటికీ గట్టు మీద పరిచి, పొడవు కొలిచాడు. వెడల్పు కొలిచాడు.

లోపల గంట మోగింది. తలలన్నీ ఒక్కసారి వంగాయి, పెన్సిళ్ళన్నీ కాగితాల పై అంచులకు చేరాయి. మూడో వరుసలో, కొత్త గుండీల చొక్కా చేతుల్ని పైకి మడుచుకున్న ఉడత పెన్సిలు మాత్రం నింపాదిగా కింది అంచుకు దిగింది.

"ఏ రంగు చెక్క వేద్దాం?" అన్నాడు ఆయన.

"ఎర్రది," అంది వదిన.